నీలం పాజిటివ్

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట చిన్నప్పుడు మా అమ్మ అనేది, పెళ్లయ్యాక మా ఆయన అంటున్నాడు, సంగారెడ్డిలో నేను పనిచేసే ల్యాబ్‌కు వచ్చేవాళ్లు నా వెనకాల అంటారు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. వాదనకు దిగితే మళ్లీ కోపమే వస్తుంది.

అయినా ఈ పనిలో కోపం రాకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి. పిల్లలు కలగని దంపతులకు పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ మాది. కింద మందుల దుకాణం, పైన మేము. మగవాళ్ల వీర్యం పరీక్ష నా చేతుల మీదుగా జరుగుతుంది. ఇంటి దగ్గర తీసుకుంటే అరగంటలో తెచ్చివ్వాలి, చల్లబడనివ్వకూడదు, ఎండలో పెట్టకూడదు అని డబ్బా ఇచ్చేటప్పుడే చెప్తాను. ఒకాయన షేరింగ్ ఆటోలో గంటన్నరకు వచ్చాడు. మధ్యలో ఛాయ్ కూడా తాగాడట. "ట్రాఫిక్ ఉండె మేడం" అని నవ్వాడు. "ట్రాఫిక్‌ల నువ్వు ఆగుతవు, అవి ఆగుతయా?" అన్నాను. తెచ్చినదాన్ని చెత్తబుట్టలో వేసి, కొత్త డబ్బా చేతిలో పెట్టాను. ఆయన మళ్లీ రాలేదు. మా డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, మగవాళ్లను ఈ మెట్లెక్కించడమే కష్టం, ఎక్కినవాళ్లను నువ్వు తరిమేస్తే ఎట్లా అంది. నిజమే. నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకు తెలియక కాదు. తెలిసినవన్నీ చేస్తామా?

ఇక్కడికి రాకముందు పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. కొత్త మందులు మనుషుల దాకా రాకముందు అక్కడ ఎలుకలకు ఇచ్చి చూసేవాళ్లు. ఆ ఎలుకల గుండె, కాలేయం, మూత్రపిండాలు, అన్నింటినీ మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద అతికించి రంగులు వేయడం మా పని. పని పంచినప్పుడు మగ ఎలుకల వృషణాలు నా వాటాకు వచ్చాయి. మిగతా ఆడపిల్లలంతా సిగ్గుపడి ముందే తలా ఒక అవయవం పట్టుకున్నారు. నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. లేని మనిషికి దక్కేది మిగిలిందే కదా.

మొదట చిరాకు పడ్డాను గానీ, మా పెద్ద మేడం ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని మైక్రోస్కోప్‌లో చూపించాక ఆ చిరాకు పోయింది. అడ్డంగా కోసిన సన్నటి గొట్టాలు పక్కపక్కనే కిక్కిరిసి కనిపించాయి. ఒక్కో గొట్టంలో గోడ పక్కన పచ్చి కణాలు, లోపలికి పోయేకొద్దీ ముదిరినవి, నడిమధ్యలో తోకలు మొలిచినవి. తండ్రి నుంచి బిడ్డకు పోవాల్సిన సమాచారమంతా ఒక పొడుగాటి దారంలో ఉంటుందని మేడం చెప్పింది. మామూలు కణంలో ఆ దారం చిన్న చిన్న రీళ్లకు చుట్టుకొని ఉంటుంది. ఆ రీళ్లే హిస్టోన్లు అనే ప్రొటీన్లు. దారం చిక్కుపడకుండా, కావలసిన చోట విప్పుకోవడానికి వీలుగా పట్టుకుని ఉంటాయి. వీర్యకణానికి ఆ వీలుతో పనిలేదు. అది దూరం పోవాలి, చిటికెడు తలలో అంత దారమూ పట్టాలి. అందుకని గుండ్రటి కణం సాగి తల సన్నబడే దశలో హిస్టోన్లు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. వాటి చోట ప్రోటమిన్లు అని ఇంకా చిన్న ప్రొటీన్లు వచ్చి, దారాన్ని బిగించి మూట కడతాయి.

మేం అక్కడ హిస్టోన్లకు గోధుమరంగు పట్టించేవాళ్లం. గోడ పక్కన కణాలన్నీ గోధుమరంగులో ఉంటాయి. మధ్యలోకి వచ్చేసరికి ఆ రంగు ఉండదు. అన్నాళ్లూ దారాన్ని మోసిన రీలు పని అయిపోగానే తప్పుకోవడం చూస్తే నాకెంత ముచ్చటేసిందో. ఇంటికి పోయి మా ఆయనకు చెప్తే, అన్నం తినేటప్పుడు ఈ ముచ్చట్లు పెట్టకు అన్నాడు.

కంపెనీ బస్సులో ఎగిరెగిరి నడుము పట్టేశాక ఆ ఉద్యోగం మానేసి ఈ ల్యాబ్‌లో చేరాను. ఇక్కడ అంత సరంజామా లేదు. అనిలిన్ బ్లూ అని ఒక రంగు ఉంది, మేం నీలం అనే అంటాం. గాజు పలక మీద వీర్యం పల్చగా పూసి, ఆరబెట్టి, ఈ నీలంలో కొద్ది నిమిషాలు ముంచుతాం. నీలం హిస్టోన్లను పట్టుకుంటుంది. మూట బిగిసిన కణాల తలలు రంగు పట్టకుండా పాలిపోయి కనిపిస్తాయి. హిస్టోన్లు ఇంకా మిగిలిపోయిన తలలు నీలంగా కనిపిస్తాయి. మనుషుల్లో కొన్ని నీలంగా ఉండడం మామూలే. ఎక్కువుంటేనే ఆలోచించాలి. నేను రెండు వందల తలలు చూసి అందులో నీలమెన్నో రాస్తాను.

రిపోర్టు ఫారం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. అది మా కంప్యూటర్‌లో అంతకుముందు వేరే పరీక్షల కోసం చేయించింది. రిజల్ట్ అనే గడిలో పాజిటివ్, నెగటివ్ అని రెండే మాటలు. ఏది నొక్కితే అది పెద్దక్షరాల్లో నల్లగా పడుతుంది. నీలం తలలు ఎన్ని అన్నది కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. నీలం ఎక్కువుంటే నేను పాజిటివ్ నొక్కేదాన్ని. ఒక వివరణ వాక్యం పెట్టించాలని చాలాసార్లు అనుకున్నాను. డాక్టరమ్మకు అర్థమవుతుంది కదా, ఇంకెవరు చదువుతారులే అని వదిలేశాను.

ఈ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఇస్నాపూర్ నుంచి ఒక భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు ఇనుమును ఎర్రగా కాల్చి సాగగొట్టే కార్ఖానాలో ఫర్నేస్ దగ్గర పని. ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. సొంత ఇల్లు, అందులో రెండు గదులు బీహార్ నుంచి వచ్చిన కార్మికులకు కిరాయికిచ్చారు. ఆయన తల్లి వాళ్లతోనే ఉంటుంది. పెళ్లై ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఆమె ఒంటికి చేయించని పరీక్ష లేదు, ఫైలు పెళ్లి ఆల్బమంత ఉంది. ఆయనకు మాత్రం ఇదే మొదటి పరీక్ష. నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మ మందలింపు గుర్తొచ్చి ఏమీ అనలేదు.

ఆయన కణాల సంఖ్య బాగానే ఉంది, కదలిక బాగానే ఉంది. ఫర్నేస్ దగ్గర పని అని విని, ఆ వేడికి మూట సరిగ్గా బిగియకపోవచ్చని డాక్టరమ్మ నీలం పరీక్ష కూడా చేయమంది. చేశాను. సగానికి పైగా తలలు నీలం. రంగు నేనే ఎక్కువసేపు పట్టించానేమో అని ఇంకో స్లైడు చేసి, మంచిదని తెలిసిన స్లైడు పక్కన పెట్టి చూశాను. ఆ మంచిది తెల్లగానే ఉంది, ఈయనది మళ్లీ నీలమే. ఆ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుంది. ఆయన బుధవారం మొదటి షిఫ్టు దిగి రిపోర్టు కోసం వచ్చాడు. కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి సెలవు. నేను అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసి గోంగూర పప్పు కలుపుకున్నాను. ఎడమ చేత్తో కవరు అందించాను. ఆయన అక్కడే నిలబడి విప్పాడు.

"మేడం, గిది పాజిటివేనా?"

"రాసింది కనబడ్తలేదా? పాజిటివే" అన్నాను.

"పక్కానా?"

"పక్కానే. ఒకటికి రెండుసార్లు చూసిన. శుక్రవారం రా, డాక్టరమ్మ చెప్తది."

ఆయన ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. అది చూశాను. చూసి, ఇదేం భక్తిరా బాబూ అనుకుని అన్నంలో పడ్డాను. శుక్రవారం రమ్మన్న మాట ఆయన చెవికెక్కినట్టు కూడా లేదు.

మర్నాడు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. బాలుషాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. నాకు బాలుషా అంటే ప్రాణం. ఒకటి నోట్లో వేసుకుని, "ఏంది తమ్మీ, ఏం సంబరం?" అని అడిగాను.

"మీరే ఇచ్చి మీరే అడుగుతరేంది మేడం" అన్నాడు. మనిషి మొహం వెలిగిపోతోంది. "ఆరేండ్ల సంది ఆ మాట కోసమే సూస్తున్నం. నెలనెలా ఇంట్ల పరీక్ష చేసుకునుడు, నెగటివ్ అని పారేసుడు. మొదటిసారి మా ఇంటికి పాజిటివ్ వచ్చింది. నాల ఏం లోపం లేదని అమ్మకు చెప్పిన. అమ్మ అయితే వాడకట్టంత మిఠాయి పంచింది."

నమలడం ఆపేశాను. కరోనా కాలంలో ఆ మాట వింటే జనం సందు మారి పోయేవాళ్లు. పిల్లల కోసం తిరిగేవాళ్లకు మాత్రం పాజిటివ్ అనే మాటకు ఒక్కటే అర్థం. అన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని, నాకు ఆ సంగతి తోచాలి. తోచలేదు. బాలుషా మింగాను. మింగి, "శుక్రవారం మాత్రం డాక్టరమ్మను కలువు, మర్వకు" అన్నాను.

"కలుస్త మేడం, కలుస్త" అని మెట్లు దిగిపోయాడు.

ఫలితం సంగతి డాక్టరే చెప్పాలి, టెక్నీషియన్ చెప్పకూడదు అని మాకు రూలుంది. ఆ రూలును చాటు చేసుకున్నాను. ఆయన శుక్రవారం రాలేదు. పై మంగళవారమూ రాలేదు. లోపం లేనివాడు డాక్టర్ దగ్గరికి ఎందుకొస్తాడు? ఫోన్ నంబరు రిజిస్టర్‌లో ఉంది. రోజూ ఆ రిజిస్టర్ తెరుస్తాను, మూస్తాను. డాక్టరమ్మకైనా చెప్పాలి కదా అంటారు మీరు. చెప్పాలి. చెప్తే ముందు నేను అన్నం ముందు కూర్చుని ఏమన్నానో చెప్పాలి, తర్వాత ఏం తిన్నానో చెప్పాలి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు తీసుకునే వీలుంది. అయినా తీసుకోలేదు.

మా చర్చిలో ఆదివారం అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. చేసినవాటితో పాటు చేయకుండా వదిలేసినవాటికీ అందులో చోటుంది. ఆ ఆదివారం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దగ్గుతున్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నామె జలుబా అని అడిగింది. అవునన్నాను.

మిఠాయి తిన్న రెండు వారాలకు, ఒక గురువారం మధ్యాహ్నం, ఆయన భార్య ఒక్కతే వచ్చింది. కంపెనీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలకు పెట్టుకునే టోపీ అచ్చు నుదుటి మీద ఇంకా ఎర్రగా ఉంది. సంచిలోంచి భర్త రిపోర్టు తీసి కౌంటర్ మీద పరిచింది.

"అక్కా, జెర ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకుర్రి."

"అడుగు."

"నేను ప్యాకింగ్‌ల పని చేస్త. గోలీల పట్టీలు ఉంటయి గద, వాటికి సీలు గట్టిగ పడ్డదా లేదా అని మేం నీలం నీళ్లల్ల ముంచి చూస్తం. మిషిన్ల పెట్టి గాలి గుంజి ఇడుస్తం. సీలు లూజుంటే నీలం లోపటికి పోతది. అట్ల పోయిందంటే ఆ లాటు ఆపేస్తం." ఆమె వేలు రిపోర్టులో బ్లూ అనే మాట మీద ఆగింది. "మా దగ్గర నీలం వస్తే రిజెక్టు. మీ దగ్గర నీలం వస్తే పాసా?"

ఈ పరీక్ష మొదలుపెట్టినప్పటి నుంచి ఇంత సూటిగా దాని గురించి అడిగినవాళ్లు లేరు. పటాన్‌చెరు మేడం నాకు దారమూ రీలూ అని అరగంట సేపు చెప్పిన సంగతి ఈమె నీళ్ల తొట్టి దగ్గర నిలబడి తనంతట తానే పట్టుకుంది.

నోటికొచ్చిన మాట అనడం నాకు అలవాటు కదా. "గివన్నీ నిన్నెవరు అడగమన్నరు?" అన్నాను.

"ఎవరడగమంటరు అక్కా" అంది. "వచ్చే ఆదివారం మా ఇంట్ల పెద్దమనుషులు కూసుంటుర్రు. నన్ను గుమ్మడిదలల మా అమ్మగారింటి కాడ ఇడిచిపెట్టాలని మా అత్త చెప్తది. ఆయనకు వేరే పిల్లను సూస్తున్నరంట. ఆయన ఏమనడు. ఆయనకు పాజిటివ్ వచ్చింది గద, ఇగ కసూరు నాదే అని అందరికి తేలిపోయింది."

ఏడవలేదు. లాటు నంబరు చదివినట్టు చెప్పింది. నాకు ఆమె మీద జాలి కన్నా నా మీద అసహ్యం ఎక్కువ కలిగింది. ఆ ఇంట్లో ఆమె చోటు ఊడిపోవడానికి ఆధారంగా చూపిస్తున్న కాగితం కింద నా సంతకం ఉంది.

"అది మీ ఆయన రిపోర్టు చెల్లె. ముందుగాల ఆయనకు చెప్పాలె. రూలు" అన్నాను.

"మీరు చెప్పకున్నా తెల్సిపోయింది. మీ మొఖం చూస్తే తెలుస్తలేదా" అంది. "కని నేను చెప్తే నమ్మరు. తప్పించుకునేటందుకు చెప్తున్నదంటరు. మీరే చెప్పుర్రి. ఆదివారం లోపట చెప్పుర్రి."

ఆమె మెట్లు దిగుతుండగానే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. గోంగూర పప్పు దగ్గర్నుంచి బాలుషా దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. రేపు అతన్ని పిలిపించు, స్లైడు తీసిపెట్టు, నువ్వు అన్నమాట నువ్వే సరిచెయ్యి, నేను పక్కన ఉంటాను అంది.

శుక్రవారం షిఫ్టు దిగి ఆయన వచ్చాడు. నేను స్లైడు పెట్టి చూడమన్నాను. దారం సంగతి, రీళ్ల సంగతి, మూట సంగతి చెప్పాను. తెల్లగా ఉండాల్సిన తలలు నీలంగా ఉన్నాయని చెప్పాను. ఆయన ఒక కన్ను మూసుకుని చూస్తూనే విన్నాడు.

"మరి పాజిటివ్ అంటిరి గద" అన్నాడు.

"హిస్టోన్ ఉన్నదని పాజిటివ్ తమ్మీ. ఉండొద్దన్నది ఉన్నదని."

అప్పుడు మైక్రోస్కోప్ మీది నుంచి తలెత్తి నన్ను చూశాడు. "మిఠాయి తిన్నరు గద మేడం" అన్నాడు.

"తిన్న. తినేటప్పుడే తెల్సింది నాకు. చెప్పాలె, చెప్పలే. తప్పు నాది" అన్నాను. తప్పు నాది అనే మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో మా ఆయన్ను అడగండి, వేళ్ల మీద చెప్తాడు.

డాక్టరమ్మ ఆయనకు నిదానంగా చెప్పింది. ఇది జాతకం కాదు, ఈ ఒక్క పరీక్ష చూసి పిల్లలు పుట్టరని ఎవరూ అనలేరు. ఆ వేడి దగ్గర్నుంచి పక్కకు రావాలి, నమిలే ఖైనీ మానాలి. ఒక వీర్యకణం పచ్చి కణం నుంచి తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ చూద్దాం. ఆయన ఎంత విన్నాడో తెలియదు. గోడ మీద క్యాలెండర్ కేసి చూస్తూ, "అమ్మకు ఎట్ల చెప్పాలె? అందరి నోట్లె మిఠాయి పెట్టింది" అన్నాడు. తెచ్చుకున్న రిపోర్టు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

చెప్తాడా, చెప్పడా అన్నది ఆ సాయంత్రం నాకు అన్నం సహించనివ్వలేదు. చెప్పకపోతే ఆదివారం ఆ పిల్ల పని అయిపోతుంది. నేనే ఇస్నాపూర్ పోయి ఆ పెద్దమనుషుల మధ్య నిలబడాలా అని కూడా అనుకున్నాను. మా ఆయన అంతా విని, "పోదాం పా. నేను బండి తీస్త" అన్నాడు. మా ఆయన మీద కోపం రాని రోజుల్లో అదొకటి.

పోవలసిన అవసరం రాలేదు. శనివారం పొద్దున తాళం తీసి ఊడుస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆయన తల్లిని భుజం పట్టి ఎక్కిస్తున్నాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, ఒక్కో మెట్టుకు ఆగుతోంది.

"మా అమ్మకు కూడ చూపియ్యుర్రి మేడం" అన్నాడు. "నోటితోని చెప్పనీకి నాకు వస్తలేదు."

స్లైడు పెట్టి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూసుకోమన్నాను. ఆమె రెండూ మూసుకుంది. మళ్లీ చెప్పాను. కాసేపటికి, "నీలం నీలం చుక్కలున్నయి బిడ్డా" అంది.

ఆయన ఆమె వెనక నిలబడి, గోడకు చెప్పినట్టు చెప్పాడు. "గవి నావే అమ్మా. గట్ల ఉండొద్దంట. మిఠాయి పంచినం గద, అది తప్పు సమజయింది నాకు. కసూరు ఆమెది కాదు. నాది."

ఆమె మైక్రోస్కోప్ మీద నుంచి కన్ను తీయలేదు. అట్లా చూస్తూనే నాతో అంది: "వీళ్ల నాయన తెల్ల ధోవతులకు నీలం పెడుతుంటి. ఎక్కువైతే రెండు నీళ్లల్ల జాడిస్తే పోతుండె. ఇది పోదా?"

"పోవచ్చు అమ్మా" అన్నాను. "మూడు నెలలు జాడియ్యాలె. ఖైనీ బంద్ చెయ్యాలె, ఆ ఫర్నేస్ కాడికెల్లి పక్కకు రావాలె. పోతదని మాట మాత్రం ఇయ్యలేను."

"మూడు నెలలేనా" అంది. "ఆ పిల్ల ఆరేండ్లు ఆగింది."

కొడుకు చెయ్యి పట్టుకుని స్టూలు దిగింది. రేపు పెద్దమనుషులను రావద్దని ఫోన్ చేయనా అని ఆయన అడిగాడు. ఆమె కొంగు సర్దుకుని, "ఎందుకు? రానియ్యి. మిఠాయి ఇల్లిల్లు తిరిగి నేనే పంచిన. గిది కూడ నేనే చెప్త" అంది. ఇంత కాలం ఆ కోడల్ని గుళ్ల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిప్పింది ఈమేనని మొదటిసారి వచ్చినప్పుడే కోడలు చెప్పింది. తిట్టిందని కూడా తెలుసు. అయినా ఆ మెట్లు దిగుతున్న ముసలామెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. నాకు రెండు వారాలు పట్టిన పనికి ఆమె రెండు నిమిషాలు కూడా తీసుకోలేదు.

ఆదివారం ఏం జరిగిందో నేను చూడలేదు. పెద్దమనుషులు వచ్చి ఛాయ్ తాగి పోయారట, కోడలు సోమవారం మామూలుగా డ్యూటీకి పోయిందట. ఆయన సూపర్‌వైజర్‌ను బతిమాలి ఫర్నేస్ నుంచి డిస్పాచ్‌కు మారాడు. ఈలోపు నేను మా రిపోర్టు ఫారం మార్పించాను. అందులో ఇప్పుడు పాజిటివ్ లేదు, నెగటివ్ లేదు. హిస్టోన్లు మిగిలిపోయిన కణాలు ఇన్ని, ఇవి ఎంత తక్కువుంటే అంత మంచిది, అని తెలుగులో ఒక వాక్యం ఉంటుంది. చేతికిచ్చే ముందు పైకి చదివి వినిపిస్తాను. ఒకాయన, "మాకు చదువొచ్చు మేడం" అని చిన్నబుచ్చుకున్నాడు. వస్తే రానీ, విను అన్నాను.

మొన్న, వానలు మొదలయ్యాక, వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. ఆయన శాంపిల్ ఇచ్చాడు. నీలంలో ముంచి తీసి చూశాను. నీలం తలలు ఉన్నాయి. కానీ గతంలో కన్నా బాగా తగ్గాయి, తెల్లవే ఎక్కువ. మర్నాడు రిపోర్టు చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదవమన్నాడు, చదివాను. మూడోసారి అడగబోయి ఆగిపోయి, అమ్మకు ఫోన్ చేసి వస్తానని కిందికి పోయాడు. పిల్లలు పుడతారా అని మీరడిగితే నాకు తెలియదు. ఇది జరిగి నెల కూడా కాలేదు.

ఆమె కౌంటర్ దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం వేళ, నా టిఫిన్ డబ్బా బల్ల మీద ఉంది.

"అక్కా, ఒక మాట అడగనా?"

"అడుగు చెల్లె."

"ఆ రోజు నేను రాకుంటే, మీరు చెప్తుంటిరా?"

గొంతులో కోపం లేదు. నీలం గురించి అడిగినప్పుడు ఎట్లా అడిగిందో అట్లాగే అడిగింది. చెప్తుంటి అనబోయాను. మాట పెదవుల దాకా వచ్చింది కూడా. రిజిస్టర్ తెరిచి మూసిన రోజులు గుర్తొచ్చాయి, చర్చిలో జలుబని చెప్పిన ఆదివారం గుర్తొచ్చింది.

"తెల్వదు" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను అప్పుడే రెండుసార్లు పైకి చదివిన రిపోర్టును కౌంటర్ మీద పరుచుకుని, మొదటి అక్షరం నుంచి కింద నా సంతకం దాకా, వేలు పెట్టి తనంతట తాను చదవడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా నేను డబ్బా మూత తీయలేదు.